కుప్పమ్మ పట్టిన ఒక్కపొద్దులు

బాలప్ప ఇంట్లో ఎవరు కత్తి కిందికి పోయినా కడుపు మాడ్చుకునే పని మాత్రం కుప్పమ్మదే.

ఆ ఇంటి ఆనవాయితీ అది. ఆపరేషన్ చేయించుకునే మనిషి ఒకరు, ఆ మనిషి క్షేమం కోసం ఒక్కపొద్దు పట్టే మనిషి ఇంకొకరు. మామూలు ఒక్కపొద్దయితే ఒక పూట తిని ఒక పూట మానేస్తే సరిపోతుంది. ఆపరేషన్ ఒక్కపొద్దుకు అట్లాంటి వెసులుబాట్లు లేవు. ముందురోజు తెల్లవారుజామున తలకు పోసుకుని, బోయకొండ గంగమ్మకు దండం పెట్టుకుని, ఇంకొకరి చేత ఎడమ మణికట్టుకు పసుపుదారం కట్టించుకోవాలి. అప్పటినుంచి, లోపలికి పోయిన మనిషి బయటికి వచ్చి కళ్ళు తెరిచేదాకా పచ్చి గంగ కూడా ముట్టకూడదు. రోగి రాత్రి నుంచి పస్తుంటే చాలు, ఒక్కపొద్దు పట్టిన మనిషి మాత్రం దానికి రెండింతలు ఉండాలి. డాక్టర్ల కంటే దేవతకు పట్టింపులు ఎక్కువ కాబోలు.

కుప్పమ్మకు ఈ ఉద్యోగం ఎట్లా దక్కిందో చెప్పాలి. ఆమె పుట్టింది పెద్దతిప్పసముద్రం దగ్గర పల్లెలో. పద్దెనిమిదేళ్ళకు పుంగనూరులో ఒక గానుగ పనివాడికి ఇచ్చి చేశారు. నాలుగేళ్ళు తిరక్కుండానే ఆయన విషజ్వరంతో పోయాడు. పిల్లలు లేరు. ఉన్న రెండు చీరలు మూటగట్టుకుని మదనపల్లెలో కూలిపనులు చేసుకుంటున్న అన్న బాలప్ప ఇంటికి వచ్చేసింది. తల్లి అంకమ్మ కూడా అక్కడే ఉండేది. వచ్చిన నెలకే టమోటా మండీలో కాయలు ఏరే పనికి కుదురుకుంది. పండు ఒక పక్క, దోరది ఒక పక్క, పుచ్చుది ఒక పక్క. తన తిండి తను సంపాదించుకుంటూ, అన్న ఇంటి వెనక వసారాలో ఒక మూల పడుకునేది.

మొగుడూ పిల్లలూ లేని ఆడమనిషి ఒకతె ఇంట్లో ఉంటే ఆ ఇంటికి ఎంత వెసులుబాటో లెక్కగట్టలేం. జ్వరం వచ్చినవాళ్ళ పక్కన ఆమెనే కూర్చోబెట్టవచ్చు, పెళ్ళిళ్ళకు అందరూ పోతే ఆమెనే కాపలా పెట్టవచ్చు. ఉపవాసమంటే ఇంక చెప్పనే అక్కర్లేదు. "నీకేముందిమ్మే, వండిపెట్టాల్సిన వాళ్ళు యాడుండారు, ఒక దినం తినకపోతే ఏమి?" అని వదిన రామక్క అనేది. ఆ మాటలో కుళ్ళు లేదు, అదే బాధ. నిజమే కదా అన్నట్టు అనేది.

అట్లా రామక్కకు పిల్లలు పుట్టకుండా చేసిన ఆపరేషన్‌కు కుప్పమ్మే పట్టింది. బాలప్ప హెర్నియాకు పట్టింది. వాళ్ళ కొడుక్కి గొంతులో గడ్డలు తీసినప్పుడు పట్టింది. చివరికి బాలప్ప అత్తగారి కంటిపొరకు కూడా పట్టింది. ఆ ముసలామె అరగంటలో కంటికి గుడ్డ కట్టించుకుని బయటికొచ్చి బన్ను తింటూ కూర్చుంటే, కుప్పమ్మ పక్కనే గోడకు ఆనుకుని తిరిగే తలను పట్టుకుని కూర్చుంది. అందరూ బాగానే బయటపడ్డారు. "కుప్పమ్మ చేతి ఒక్కపొద్దు చెడదు" అని పేరు కూడా వచ్చింది. ఆ పేరంటే ఆమెకు లోలోపల గర్వంగా ఉండేది. మనిషికి ఏదో ఒకటి కావాలి కదా.

ఒక్కసారి మాత్రం చెడింది. ఆ సంగతి కుప్పమ్మకు తప్ప ఎవరికీ తెలియదు.

అది తొంభైమూడో సంవత్సరం, మే నెల. తల్లి అంకమ్మకు కడుపునొప్పి వస్తే వాము నీళ్ళతో, సోడాతో మూడు రోజులు నెట్టుకొచ్చారు. నాలుగో రోజు తెల్లవారకముందు, పొట్ట కుండలాగా ఉబ్బాక గానీ ఆసుపత్రికి తీసుకుపోలేదు. పేగు మెలిక పడిందన్నారు, ఇంత ఆలస్యం చేశారేమని కేకలేశారు. మర్నాడు మధ్యాహ్నం ఆపరేషన్ పెట్టారు. కుప్పమ్మ ఎప్పటిలాగే, ఆ తెల్లవారేసరికే పసుపుదారం కట్టించుకుంది. కట్టింది తల్లే. సెలైను సూది గుచ్చిన చేత్తోనే మూడు ముళ్ళు వేసింది.

ఆ రోజంతా, మర్నాడు పొద్దునంతా తల్లి ఒకటే మాట అడిగింది. "నోరెండిపోతాండాది కుప్పమ్మా, ఒక్క గుక్క నీళ్ళు పొయ్యి తల్లీ."

"పోయకూడదంటమ్మా. డాక్టరు గట్టిగా చెప్పినాడు. రవ్వంత ఓర్చుకో" అని కుప్పమ్మ తడిగుడ్డతో పెదాలు తుడిచింది. అట్లా ఎన్నిసార్లు అడిగిందో, ఎన్నిసార్లు తుడిచిందో.

మధ్యాహ్నం తల్లిని లోపలికి తోసుకుపోయారు. తలుపు మూసుకుంది. బాలప్ప మందుల కోసం బజారుకు పోయాడు. బయట ఎండ మండిపోతోంది. నిన్న తెల్లవారి నుంచి గొంతులో తడి లేదు, నాలుక అంగిలికి అంటుకుపోయింది, నిలబడితే కళ్ళ ముందు నల్లగా తిరుగుతోంది. ఆసుపత్రి వెనక వేపచెట్టు కింద కొళాయి ఒకటి బొట్లు బొట్లుగా కారుతోంది. కుప్పమ్మ మొహం కడుక్కుందామనే పోయింది. కడుక్కుంటున్న చెయ్యి తనంతట తనే నోటి దగ్గరికి పోయింది. రెండు దోసిళ్ళు. అటూ ఇటూ చూసి, గోడ పక్కకు తిరిగి, చప్పుడు కాకుండా తాగింది.

మూడో రోజు తల్లి పోయింది.

డాక్టరు ముందే చెప్పాడు, పేగు కుళ్ళిపోయిందని, తెచ్చేసరికే చెయ్యి దాటిందని. బాలప్ప అది విని తల బాదుకున్నాడు. కుప్పమ్మకు మాత్రం ఆ మాటలు చెవికెక్కలేదు. అమ్మ అడిగితే గుక్కెడు పోయలేదు, తను మాత్రం పోయి రెండు దోసిళ్ళు తాగింది. అమ్మ చేత్తో కట్టిన దారం చేతికి ఉండగానే తాగింది. ఈ మాట అన్నతో చెబుదామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది, చెప్పలేకపోయింది. పదమూడేళ్ళు అది ఆమె దగ్గరే ఉండిపోయింది. వేసవిలో మండీ దగ్గర చలివేంద్రంలో అందరూ గ్లాసు ఎత్తి గటగటా తాగుతుంటే, ఆమె పక్కకు తిరిగి కొంచెం కొంచెంగా తాగేది. ఎందుకట్లా అని అడిగినవాళ్ళు లేరు. గమనించినవాళ్ళు ఉంటే కదా అడగడానికి.

రెండు వేల ఆరులో కుప్పమ్మకే కష్టం వచ్చింది. నెల నెలా పోయే రక్తం ఆగకుండా పోవడం మొదలైంది. టమోటాలు ఏరుతూ ఏరుతూ రెండుసార్లు మండీలోనే తూలి పడింది. మదనపల్లె డాక్టరమ్మ స్కానింగ్ తీయించి, గర్భసంచిలో పెద్ద గడ్డ ఉందని, తీయించక తప్పదని చెప్పి, కుప్పంలో పెద్ద ఆసుపత్రికి రాసిచ్చింది. బిడ్డ పెరగని చోట గడ్డ పెరిగిందని కుప్పమ్మ తనలో తాను నవ్వుకుంది. అది నవ్వని ఎవరూ అనరు.

ఏప్రిల్ నెలలో ఒక శనివారం బాలప్పే కుప్పానికి తోడొచ్చాడు. బస్సు పుంగనూరులో పది నిమిషాలు ఆగింది. కిటికీలోంచి చూస్తే మొగుడు పనిచేసిన గానుగ ఉండే సందు మొదట్లో సెల్‌ఫోన్ల అంగడి కనబడింది. పలమనేరు దాటి కుప్పం చేరేసరికి మధ్యాహ్నమైంది. మంచం ఇచ్చారు. సోమవారం ఆపరేషన్ అన్నారు. బాలప్ప వాళ్ళు చెప్పిన చోటల్లా వేలిముద్ర వేసి వచ్చాడు.

"ఏమీ బయపడాకు. పెద్ద డాక్టర్లుండారు" అన్నాడు.

"ఊఁ."

"బుధవారం మీ వదినె అక్క కొడుకు పెండ్లి, వాయల్పాట్లో. ఆ పనులుండాయి. లేకుంటే ఉండేవాణ్ణే."

"పోయిరా అన్నా. ఈడ నర్సమ్మలుండారు గదా."

అంటూనే ఆమె ఎదురుచూసింది. ఇప్పుడు అడుగుతాడు, నీకు ఒక్కపొద్దు ఎవరు పడతారమ్మే అని ఇప్పుడు అడుగుతాడు, అనుకుంటూ. బాలప్ప చెప్పులు వేసుకున్నాడు. తువ్వాలు భుజాన వేసుకున్నాడు. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగాడు.

"బస్సు గేటు కాడే ఆపుతాడా, స్టాండుకు పోవాల్నా?"

"గేటు కాడే ఆపుతాడంట" అంది కుప్పమ్మ.

ఇరవై నాలుగేళ్ళలో ఒక్కపొద్దు పట్టమని ఆమెను అందరూ అడిగారు. తన కోసం అడగడం ఎట్లాగో మాత్రం ఆమెకు అలవాటు లేదు. అడిగితే పడతారేమో, అడిగి పట్టించుకున్నదానికి విలువేముంది అని కూడా అనిపించింది. ఉక్రోషమే అది, దాచాల్సిన పనిలేదు.

ఆదివారం తెల్లవారుజామున లేచి బాత్రూములో తలకు పోసుకుంది. మూటలోంచి పసుపుదారం తీసింది. ఇంతవరకూ ఆ దారం ఎప్పుడూ ఇంకొకరే కట్టారు. ఇప్పుడు ఒక కొస పళ్ళతో పట్టుకుని, కుడిచేత్తో తిప్పి తిప్పి, తన చేతికి తనే కట్టుకుంది. రెండు ముళ్ళు పడ్డాయి, మూడోది జారిపోయింది. రోగి తనే, రోగి కోసం ఒక్కపొద్దు పట్టే మనిషీ తనే. ఈసారి చెడనివ్వకూడదు, చుక్క కూడా ముట్టకూడదు అని గంగమ్మకు మొక్కుకుంది.

సాయంత్రం సిస్టరు వచ్చి విడమరిచి చెప్పింది. "పెద్దమ్మా, రాత్రి ఎనిమిదికి తేలిగ్గా తిను. ఆ తర్వాత తిండి, పాలు ఏమీ వద్దు. మంచినీళ్ళు మాత్రం పొద్దున ఆరుదాకా తాగొచ్చు. తాగు, ఎండలు జాస్తిగా ఉండాయి." కుప్పమ్మ అన్నిటికీ తలూపింది. వచ్చిన ఇడ్లీలు పక్క మంచం మనిషికి ఇచ్చేసింది. నీళ్ళ సీసా తీసుకుపోయి బేసిన్‌లో వంచి ఖాళీ సీసా తలాపున పెట్టుకుంది. తాగిందనే అందరూ అనుకున్నారు.

సోమవారం పొద్దున ఆమె పేరు మొదటిది కాదు, రెండోది. మొదటి ఆపరేషన్ సాగి సాగి పదకొండు దాటింది. అప్పటికి కుప్పమ్మ పెదాలు పగిలి అట్టకట్టాయి. ఉమ్మి మింగుదామన్నా నోట్లో ఉమ్మి లేదు. పొద్దున ఒంటేలుకు పోతే నాలుగు చుక్కలు, అదీ పసుపు నీళ్ళలాగా. కూర్చున్నది లేస్తే గుండె దడదడ కొట్టుకునేది. బల్ల మీద పడుకోబెట్టాక చేతికి సూది గుచ్చారు, నరం దొరకలేదు. ఇంకో చేతికి గుచ్చారు, అందలేదు. మూడోసారి మోచేతి దగ్గర గుచ్చబోయి నర్సు ఆగిపోయింది.

మత్తు డాక్టరమ్మ పేరు ఉషారాణి. ముప్పై దాటని పిల్ల, తిరుపతిలో చదువుకుని వచ్చింది. బీపీ చూసి మొహం చిట్లించింది. కుప్పమ్మ ముంజేతి మీద చర్మాన్ని రెండు వేళ్ళతో పట్టి ఎత్తి వదిలింది. అది వెంటనే సర్దుకోలేదు, ఎత్తిన మడత ఎత్తినట్టే కాసేపు నిలబడిపోయింది. కుప్పమ్మకు ఆ పరీక్ష బాగా తెలుసు. మండీలో మూడు రోజుల కాయను బొటనవేలితో నొక్కితే తోలు అట్లాగే ముడతపడి నిలుస్తుంది. అట్లాంటి కాయను ఆమె పక్కకు పడేసేది.

"ఎప్పుడు తాగినావమ్మా నీళ్ళు?" అంది డాక్టరమ్మ.

కుప్పమ్మ మొహం పక్కకు తిప్పుకుంది.

"నిజం చెప్పు. నీ ఒళ్ళే చెప్తాండాది నాకు."

"శనివారం రాత్రి" అంది కుప్పమ్మ.

ఆపరేషన్ ఆపేశారు. వార్డుకు తిరిగి తోసుకొచ్చి, పాదం దగ్గర ఎట్లాగో ఒక నరం పట్టుకుని సెలైను ఎక్కించారు. రెండు సీసాలు అయ్యాక డాక్టరమ్మ మంచం దగ్గరికి వచ్చి స్టూలు లాక్కుని కూర్చుంది. కోపం ఇంకా తగ్గలేదు.

"తాగొద్దని ఎవురన్నా చెప్పినారా నీకు?"

"ఎవురూ చెప్పలేదమ్మా."

"మరి యాల తాగలేదు? తిండంటే నేనే వద్దంటా. తిండి పెట్టుకుని మత్తులోకి పోతే అది గొంతులోకి ఎగదన్ని ఊపిరితిత్తుల్లోకి పోతాది, పానానికే ముప్పు. నీళ్ళు అట్లగాదు. గంట, గంటన్నరలో కడుపు దాటిపోతాయి. అందుకే రెండు గంటల ముందరిదాకా తాగమనేది. ఒక్క రాత్రి నీళ్ళు లేకపోతే ఒళ్ళు ఎట్లనో సర్దుకుంటాది, ఒంటేలు తగ్గించుకుని ఉన్న నీళ్ళను దాచుకుంటాది. నువ్వు ఒకటిన్నర దినం, ఈ ఎండల్లో, రక్తం పోయిన ఒంటితో ఉండావు. ఇంక యాడ సర్దుకుంటాది? ఇట్లా ఎండిన ఒంటికి మత్తిస్తే బీపీ దబ్బున జారిపోతాది. నువ్వు పోతే నేనెవురికి జవాబు చెప్పాల?"

నువ్వు పోతే అన్న మాటకు కుప్పమ్మ తల తిప్పి ఆ పిల్లను చూసింది. తను పోతే ఎవరో ఒకరికి ఇబ్బంది అవుతుందని ఆమెకు అప్పుడే తెలిసింది. నోరు తెరిచి ఒక్కపొద్దు సంగతి చెప్పుకొచ్చింది. ఎవరెవరికి పట్టిందో వరసగా చెప్పింది. తల్లి దగ్గరికి వచ్చేసరికి ఆ ఒక్కటి దాటేసింది.

"నాకు పట్టేవాళ్ళు లేరు గదా తల్లీ. అందుకని నేనే పట్టుకున్నా."

డాక్టరమ్మ తన పొడుగు కోటు జేబులోంచి ఫోన్ తీసింది.

"బుధవారం మొదటి పేరు నీదే పెడతా. పొద్దున ఐదున్నరకు నా ఎదురుగ్గా నువ్వు ఒక లోటా నీళ్ళు తాగాల. తాగకపోతే ఆపరేషన్ లేదు, ఇంటికి పంపిచ్చేస్తా. ఒక్కపొద్దు కావాలంటే మీ వాళ్ళను పట్టమను. నన్ను పట్టమనాకు, టీ తాగకపోతే నాకు చేతులాడవు. నంబరు చెప్పు."

ఫోను రామక్కే ఎత్తింది. వెనకాల ఆడవాళ్ళ గలగల, చీరలు విప్పుతూ మడుస్తూ ఉన్నట్టున్నారు. కుప్పమ్మ ఫోనును రెండు చేతులతో పట్టుకుని, జీవితంలో మొదటిసారి అడిగింది.

"వదినా, బుధవారం పొద్దున నాకు ఆపరేషన్. ఒక్కపొద్దు పట్టేవాళ్ళు లేరు. నువ్వు పడతావా?"

"అయ్యో, దానికంత అడగాల్నా? పడతాలేమ్మే. రేపు తెల్లారే పడతా."

"పెండ్లుందంట గదా."

"ఉంటే ఏమి? నువ్వు మాకెన్ని పట్టలేదు. దిగులు పడాకు, ఉంటా" అని పెట్టేసింది.

కుప్పమ్మ ఫోను తిరిగి ఇచ్చేటప్పుడు ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. ఆ సాయంత్రం పసుపుదారం విప్పి దిండు కింద పెట్టింది. మంగళవారమంతా వదిన పస్తున్నట్టు ఊహించుకుంటూ గడిపింది. పాపం, పెళ్ళింట్లో ఇంతమంది తింటుంటే చూస్తూ కూర్చుని ఉంటుంది, ఇప్పుడు గొంతు ఎండుతూ ఉంటుంది, ఇప్పుడు తల తిరుగుతూ ఉంటుంది. తన కోసం ఒక మనిషి ఇంత బాధపడుతోందన్న ఊహ ఆమెకు మెత్తగా, వెచ్చగా ఉంది. అంత సుఖం ఆమె ఎప్పుడూ ఎరగదు.

బుధవారం ఐదున్నరకు డాక్టరమ్మ లోటాతో వచ్చింది. కుప్పమ్మ లేచి కూర్చుని తాగింది. నీళ్ళు గొంతులోంచి దిగి ఛాతీ మీదుగా కడుపులోకి పోయేదాకా చల్లగా తెలిసింది. ఈసారి సూది ఒక్క పోటుకే ఎక్కింది.

కళ్ళు తెరిచేసరికి పదిన్నర. "అయిపోయిందమ్మా, బాగుండావు" అంటోంది డాక్టరమ్మ.

"మా వదినెకు ఫోన్ చేసి చెప్పు తల్లీ" అంది కుప్పమ్మ, నాలుక తిరగకుండానే. "పాపం నీళ్ళు ముట్టకుండా ఉంటాది."

"చెప్తాలే" అంది ఆ పిల్ల.

శనివారం బాలప్ప, రామక్క వచ్చారు. చేతిలో కవరు నిండా పెళ్ళి లడ్లు, కారాబూంది. కుప్పమ్మ వదిన చెయ్యి పట్టుకుని వదల్లేదు. చిక్కిపోయిందేమో అని మొహంలోకి చూసింది. రామక్క నిండుగానే ఉంది. కూర్చోగానే పెళ్ళి కబుర్లు మొదలుపెట్టింది.

"ఏమి పెండ్లమ్మే అది, సూడాల్సిందే. ముహూర్తం తెల్లారి ఐదుకే. ఏడున్నరకంతా మా అక్క అందర్నీ ఆకుల ముందర కూర్చోబెట్టేసింది. ఇడ్లీ, వడ, ఉప్మా, కేసరి. కేసరిలో నెయ్యి ఎట్లా కారతాండిందంటే, నేను రెండుసార్లు ఏయించుకున్నా..."

బాలప్ప దగ్గాడు. రామక్క చెయ్యి గాలిలో ఆగిపోయింది.

"అది గాదుమ్మే... మంగళారం పట్టాలనే అనుకున్నా... ఆ తొక్కిసలాట్లో..." అంది రామక్క. నిజంగానే సిగ్గుపడింది. మనిషి చెడ్డది కాదు, మర్చిపోయింది, అంతే.

"పోనీలే వదినా. పెండ్లి బాగా జరిగింది గదా" అంది కుప్పమ్మ. మెల్లిగా ఆమె చెయ్యి వదిలేసింది.

మధ్యాహ్నం బస్సుకు వాళ్ళు వెళ్ళిపోయారు. కుప్పమ్మ గోడ వైపు తిరిగి పడుకుంది. కోపం వచ్చింది, మామూలు కోపం కాదు. ఇరవై నాలుగేళ్ళ ఎండిన నోళ్ళన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆ ముసలామె కంటిపొరకు కూడా తను మాడింది. తన కోసం మాత్రం ఈ లోకంలో ఒక్క మనిషి ఒక్క పూట మానుకోలేదు. మంగళవారమంతా తను ఊహించుకున్న వదిన, గొంతు ఎండి, తల తిరిగి కూర్చున్న వదిన, అసలు లేనే లేదు. కుట్లు లాగుతున్నా ఆపుకోలేక ఏడ్చింది.

ఏడ్చి ఏడ్చి అలిసిపోయాక ఒక ఆలోచన వచ్చింది. ఎవరూ పట్టలేదు. అయినా తను లేచింది.

ఆ ఆలోచన వెనకే ఇంకొకటి వచ్చింది. దాన్ని తలుచుకోవడానికే ఆమెకు భయం వేసింది. సాయంత్రం డాక్టరమ్మ వచ్చి నాడి చూస్తుంటే కళ్ళు మూసుకుని అడిగింది.

"పేగు మెలిక పడిన మనిషి నీళ్ళడిగితే పోయొచ్చునా తల్లీ?"

"పోయకూడదమ్మా. వాళ్ళ కడుపు కదలదు, తాగింది తాగినట్టే నిలిచిపోయి బయటికి తన్నుకొస్తాది. వాళ్ళకు నరంలోకే ఎక్కించాల. యాల అడుగుతాండావు?"

"మా అమ్మకు. తొంభై మూడులో."

"ఎవురన్నా పోసినారా?"

"లేదమ్మా. పోయలేదు" అంది కుప్పమ్మ. తర్వాతి మాట పదమూడేళ్ళ కింద నుంచి వచ్చింది. "ఆమె లోపల ఉంటే, నేను తాగినా. రెండు దోసిళ్ళు."

డాక్టరమ్మ అర్థం కానట్టు చూసింది. "నువ్వు తాగితే ఆమెకేమమ్మా?"

ఎంత చిన్న ప్రశ్న. ఆ పిల్ల నిజంగా తెలియకే అడిగింది. పదమూడేళ్ళలో ఈ ప్రశ్న ఎవరైనా ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేది. అడగాలంటే ముందు చెప్పుకోవాలి, చెప్పుకోవాలంటే ఒక మనిషి స్టూలు లాక్కుని పక్కన కూర్చోవాలి.

"ఏమీ లేదు తల్లీ" అంది కుప్పమ్మ. "ఆమెకేమీ లేదు."

డాక్టరమ్మ ఆమె భుజం తట్టి, చీటీ మీద ఏదో రాసి, అవతలి మంచానికి పోయింది. కుప్పమ్మ దిండు కింద నుంచి పసుపుదారం తీసి కిటికీ బయట పడేసింది. పొట్టను ఒక చేత్తో పట్టుకుని మెల్లిగా లేచి కూర్చుని లోటా అందుకుంది. గోడ వైపు తిరగలేదు. వార్డంతా చూస్తుండగా, గుటకలు పైకి వినబడేటట్టు, లోటా ఖాళీ అయ్యేదాకా తాగింది.